రాత్రి బడి

ఎండ ఉన్నంతసేపూ వాళ్ళు గొర్రెల కాపర్లు.
చీకటి పడ్డాకే పిల్లలవుతారు.

లెసోతో కొండల్లో మాకు జూన్ నెల నడిచలికాలం.
వాగు మీద నీళ్ళు గాజుపెంకులు కడతాయి.
ఉన్ని కత్తిరించే పాకలో లాంతరు వెలిగించి
గడ్డకట్టిన వేళ్ళ మీద ఊదుకుంటూ కూర్చుంటాను.

ముందు కుక్కలొస్తాయి.
తర్వాత ఈలలు.
ఆ తర్వాత దుప్పట్లు,
దుప్పట్ల లోపల ఎక్కడో పిల్లలు.
చేతికర్రలన్నీ గోడకి వరసగా ఆనిస్తారు.
నేనేం చెప్పలేదు, మందని దొడ్లోకి తోలిన అలవాటది.

పగలు నేను రొట్టెలు కాల్చి అమ్ముతాను.
చదివింది ఏడో తరగతి.
ఆ సంగతి వాళ్ళకి చెప్పలేదు.
వాళ్ళు ఏడుకి చేరేలోపు
నేను ఎనిమిది నేర్చుకోవాలి.

పిత్సోకి తొమ్మిదేళ్ళుంటాయి, పదీ ఉండొచ్చు.
మందలో ఏది తప్పిపోయినా
మొహాలు చూసి చెప్పేస్తాడు:
"చెవి చిరిగింది రాలేదు", "కుంటిదాని కూతురు రాలేదు."
ఎన్నిరా మొత్తం అంటే మాత్రం
"అన్నీ" అనేవాడు.

ఏడు అంకె వేసి చూపించిన రాత్రి
లేచి వెళ్ళి తన కర్ర తెచ్చుకున్నాడు.
బోర్డు పక్కన నిలబెట్టాడు. అదే వంపు.
"ఇన్నాళ్ళూ దీన్నే పట్టుకు తిరిగానా!"

ఇక వాణ్ణి ఆపడం మా తరం కాలేదు.
కుక్కల్ని లెక్కపెట్టాడు, దుప్పటి చారల్ని లెక్కపెట్టాడు,
మొలెఫీ దగ్గుల్ని లెక్కపెట్టి తన్నులు తిన్నాడు.
నన్ను నోరు తెరవమన్నాడు.
ఇరవై ఏడు పళ్ళు.
తెల్లారేసరికి ఊరంతా తెలిసింది.

మొలెఫీ పెద్దవాడు, మీసం మొలిచింది.
కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం
గొర్రెల మందు సీసా మీదది:
బాగా కదిపి వాడవలెను.
మళ్ళీ చదివాడు.
ఆరేళ్ళుగా కదపకుండానే తాగిస్తున్నాడట!
పడీ పడీ నవ్వాడు,
అందరం నవ్వాం,
పోయినేడు చచ్చిన గొర్రె గుర్తొచ్చిందేమో
చటుక్కున ఆగి
సీసాని రెండు చేతులా పట్టుకు కూర్చున్నాడు.

మంచు కురిసిన రోజున
ఎవరూ రారులే అని లాంతరు వెలిగించలేదు.
పొయ్యి దగ్గర కాళ్ళు చాపుకున్నాను,
నిజం చెప్పాలంటే హాయిగానే ఉంది.
అంతలో కుక్కలు.
మోకాళ్ళదాకా తడిసి పదకొండుమంది,
పిత్సో చంకలో అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల.
"దీన్ని వదిలి రాలేను, బడి మానలేను" అన్నాడు,
రెండిట్లో ఏది నా తప్పో తేల్చమన్నట్టు.

గొర్రెపిల్ల నాలుగో ఎక్కం ఉన్న కాగితం నమిలేసింది.
"నాలుగైదులెంతే?" అని దాన్నే అడిగారు.
అది మే అంది.
తప్పు, మళ్ళీ చెప్పు అన్నారు
అచ్చం నా గొంతుతో.
నేనలా సాగదీస్తానని ఆ రోజే తెలిసింది.

పొద్దున రొట్టెల గంప ఎత్తుకుని బయటికొచ్చానా,
ఎదురుకొండ మీద,
తెల్లటి వాలు నిండా,
కర్రతో గీసిన అక్షరాలు.
ఒక్కొక్కటి గుడిసెంత.
పిత్సో అని రాసుంది.
నడుమ మెలికలు తిరిగే అక్షరం
అటు తిరగాల్సింది ఇటు తిరిగింది.

దిద్దుదామంటే మధ్యలో లోయ.
వాడు ఆ చివర నిలబడి చేతులూపుతున్నాడు.
నేనూ ఊపాను.
గంప ఒరిగి రెండు రొట్టెలు మంచులో పడ్డాయి.

మధ్యాహ్నానికి ఎండొచ్చి
తప్పుతో పాటు పేరునీ తుడిచేసింది.
రాత్రి అందరికంటే ముందొచ్చి,
కర్ర గోడకి ఆనించకుండానే, అడిగాడు:
"కరగనిచోట రాయాలంటే ఎట్లా?"

నాకేం తోచలేదు.
పలక చేతికిచ్చి
మొదట ఆ మెలిక సరిగ్గా తిప్పు
అన్నాను.